పట్టు దొరకని పొర

మార్చి 4, మంగళవారం

ఈ రోజు నర్సుకు అబద్ధం చెప్పాను. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ, ప్రాక్టికల్ రికార్డులో అంకె దిద్దినవాళ్లను క్లాసు బయట నిలబెట్టినదాన్ని. అబద్ధం చెప్పిన రోజున నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆయన మంచానికి వేలాడే చార్టులో రాయడానికి లేదు, దాన్ని నర్సు చదువుతుంది. అందుకని ఇది మొదలుపెడుతున్నాను. ఎవరికీ చూపించేది కాదు.

వంతెన పనుల ఓవర్సీరుగా చేసిన మా ఆయన మెట్ల మీంచి పడి మంచాన పడ్డారు. ఛాతీ కింది నుంచి కదలికా లేదు, స్పర్శా లేదు. మూత్రం ట్యూబు ద్వారా సంచిలోకి వస్తుంది. ఆ ట్యూబు మామూలుగా నెలకొకసారి మారిస్తే చాలు. ఆయనకు పది రోజులకే మూసుకుపోతుంది. లోపల తిష్ఠ వేసిన సూక్ష్మజీవులు యూరియాను విడగొట్టి అమ్మోనియా చేస్తాయి. క్షారం పెరిగి, కరిగి ఉన్న ఖనిజాలు గట్టిపడి ట్యూబు గోడకు సున్నంలా పేరుకుంటాయి. మూసుకుపోయినా ఆయనకు నొప్పి తెలియదు. ముఖం కందగడ్డలా అవుతుంది, చెమటలు కారుతాయి, తల పగిలిపోతోందంటారు. అంబులెన్సు, ఎమర్జెన్సీ గది, మళ్లీ ఇల్లు. డిసెంబరు నుంచి ఐదుసార్లు.

మా అమ్మాయి కూతురు మా దగ్గరే ఉండి పరిశోధన చేస్తోంది. దాని పనీ ఇలాంటి సూక్ష్మజీవులతోనే. అచ్చుల్లో ఇసుక పోసి, అందులో వాటిని వదిలి, యూరియా, కాల్షియం పట్టిస్తే అవి ఇసుక రేణువులను ఒకదానికొకటి అతికించి ఇటుక చేసి పెడతాయి. బట్టీ అక్కర్లేదు. ఆయన మనవరాలిని "మేస్త్రీ" అని పిలుస్తారు. "నువ్వు బయట కడుతున్నావు మేస్త్రీ, నేను లోపల కడుతున్నాను. కూలి మాత్రం ఇద్దరికీ సున్నా" అంటారు. అది ల్యాబు నుంచి వచ్చినప్పుడు దాని బట్టలకు ఉండే వాసనా, ఆయన సంచి వాసనా ఒకటే.

ఆ ఇటుకల్లోంచే దానికి ఒక ఆలోచన పుట్టింది. సూక్ష్మజీవి ఖనిజాన్ని ఎక్కడపడితే అక్కడ పేర్చదు, ముందు జిగురు పొర పరుచుకుంటుంది. ఆ పొరలో ఉండే అమరికను బట్టే స్ఫటికం నాటుకుంటుంది. ఆ అమరికను చదివి, దాన్ని తలకిందులు చేసి, స్ఫటికానికి పట్టు దొరకని పొర తయారుచేసింది. ట్యూబు లోపలా బయటా వెంట్రుకలో వందో వంతు మందాన పూస్తే చాలట.

"పట్టుకోని ఖనిజం ఎక్కడికి పోతుంది?" అని అడిగాను. వైవాలో అడిగినట్టే అడిగాను.

"పొడిలా రాలి, మూత్రంతో పాటు సంచిలోకి పోతుంది అమ్మమ్మా. గాజు పాత్రలో ఆరు వారాలు నడిపి చూశాను."

జవాబు సరిగానే ఉంది.

మనిషికి వాడాలంటే కమిటీ అనుమతి రావాలి, అది ఏడాది మాట. మనవరాలి పరిశోధన గడువు జూన్‌తో సరి. ఫలితం చూపించకపోతే పొడిగింపు లేదని గైడు తేల్చేశారు. మా ఆయన వాడే రకం ట్యూబులే నాలుగు తెచ్చి, పొర పూసి, ల్యాబులో శుద్ధిచేసి సీలు వేసింది. ఆయనను అడిగింది. "కొత్త వంతెన మీద మొదటి లారీ ఎవడో ఒకడు తోలాలిగా, పెట్టెయ్" అన్నారు.

నర్సుకు చెబితే పెట్టదు. పెట్టకూడదు కూడా. అందుకని అల్మారాలోంచి నా చేత్తోనే తీసి ఇచ్చాను. కవరు కొత్తగా ఉందేమిటని అడిగింది. కంపెనీ మార్చి ఉంటుందన్నాను.

మార్చి 9

ట్యూబు శుభ్రంగా ఉంది. సంచి అడుగున మెత్తటి తెల్లని పొడి. మనవరాలు సంచిని దీపానికి ఎదురుగా పట్టుకుని గదంతా తిరిగింది. నేల మీద చుక్క పడుతుందని కసిరాను. "తిరగనియ్యవోయ్, మొదటి జీతం చూసుకుంటోంది" అన్నారు ఆయన.

మార్చి 14

మూసుకుపోవలసిన రోజు వచ్చింది, పోయింది. ట్యూబు శుభ్రంగా ఉంది. మనవరాలు బయటికి కనిపించే భాగానికి ఫోటోలు తీసి గైడుకు పంపింది. ఏమని రాసి పంపావని అడిగితే, "బాగుంది అని" అంది. అంతకంటే నేను అడగలేదు.

మార్చి 18, మంగళవారం

నర్సు వచ్చింది. రెండు చోట్ల డ్యూటీ చేసి వస్తుంది, వచ్చేసరికి కాళ్లు వాచి ఉంటాయి. అయినా గుమ్మంలోకి రాగానే నవ్వుతుంది. ఆయన ఆమెను "సూపరింటెండెంటు గారూ" అంటారు. ఈసారి మధ్యలో ఒక్క ఫోనూ రాలేదు, నన్ను మరచిపోయారనుకున్నానంది. ట్యూబు చూసి ఆశ్చర్యపోయింది. ఏం చేశారు మేడమ్ అని అడిగింది.

నీళ్లు ఎక్కువ పట్టించాను, నిమ్మరసం లెక్క ప్రకారం ఇచ్చాను అన్నాను. ఎంతెంత అని అడిగి చిన్న కాగితం మీద రాసుకుంది. తను చూసే ఇంకొక ముసలాయనకూ ఇదే బాధట, వాళ్లకు చెబుతానంది.

నిమ్మరసం వల్ల హాని ఏమీ లేదు.

మార్చి 22

సంచిలో పొడి కనబడటం లేదు. రెండు రోజులుగా లేదు. మనవరాలు ఆలోచించి, ఖనిజం తయారవడమే తగ్గి ఉంటుందంది. అంటే సూక్ష్మజీవులకే అక్కడ చోటు దొరకడం లేదన్నమాట, అనుకున్నదానికంటే మంచి ఫలితం. నాకూ అలాగే తోచింది.

రోజుకు వచ్చే మూత్రం పద్దెనిమిది వందల మిల్లీలీటర్ల నుంచి పద్నాలుగు వందలకు వచ్చింది. ఎండలు ముదిరాయి. చెమట రూపంలో పోతుంది.

మార్చి 25, మంగళవారం

పదకొండు వందలు.

నర్సు చార్టు చూసి, తగ్గిందేమిటి మేడమ్, ఒకసారి ట్యూబు మార్చేద్దామా, నా దగ్గర బయట కొన్నది ఒకటి ఉంది అంది. అద్దంలా ఉన్న ట్యూబును ఎందుకు మార్చడం అన్నాను. నెలాఖరు వరకు ఉంచితే మనవరాలికి పూర్తి లెక్క వస్తుంది. నర్సుకు అది చెప్పలేదు. ఊరికే మార్చితే లోపల గీసుకుని ఇన్ఫెక్షన్ వస్తుందని చెప్పాను. అదీ నిజమే. నర్సు ట్యూబును ఇంకోసారి చూసి, సరే మేడమ్, మీకు తెలియనిదా అంది.

మార్చి 27

దుప్పటి తడిసింది. ట్యూబు పక్క నుంచి కారుతోంది. రెండుసార్లు మార్చాను. రెండోసారి విసుగొచ్చి, కదలకుండా పడుకోలేరా అని ఆయనను తిట్టాను.

కదలలేని మనిషిని.

 కాసేపటికి, "పొరపాటేనోయ్, పరుగు పందేనికి వెళ్లొచ్చాను" అన్నారు.

మార్చి 28

పొద్దున్న తలనొప్పి, చెమటలు. ఫ్యాను తిప్పి పెట్టాను, కిటికీకి తడిబట్ట కట్టాను. ఎనిమిది వందలు. సరిగ్గా తాగడం లేదు, అరగ్లాసు వదిలేస్తున్నారు. ట్యూబు శుభ్రంగా ఉంది.

మార్చి 29

ట్యూబు శుభ్రంగా ఉంది. మూడుసార్లు చూశాను.

మార్చి 30

వణుకు. జ్వరం 103. అంబులెన్సుకు ఫోను చేశాను.

ఏప్రిల్ 1

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

సర్జను చిన్నవాడే, మర్యాదస్థుడు. నన్ను గదిలోకి పిలిచి స్కాను చూపించాడు. మూత్రాశయం అడుగున పొడి మేట వేసి, గట్టిపడి, గుప్పెడంత రాయి అయింది. దాని వల్ల మూత్రం పైకి ఎదురుతన్ని, రెండు కిడ్నీలూ ఉబ్బి చీము పట్టాయి. అది రక్తంలోకి ఎక్కింది. ఆయనకు స్పర్శ ఉండి ఉంటే ఎప్పుడో కేకలు పెట్టేవారన్నాడు. రాయి తీయాలి, ఈ స్థితిలో మత్తు ఇవ్వడమే గండం, తీయకపోతే అంతకంటే గండం. సంతకం పెట్టాను.

అప్పుడతను పళ్లెంలో ఉన్న ట్యూబును పటకారుతో ఎత్తి చూపించాడు.

"దీన్ని ఎప్పుడు పెట్టారండీ?"

"నాలుగో తారీకున."

"ఏ నెల నాలుగు?"

"మార్చి."

అతను తల అడ్డంగా ఊపాడు. "కాదమ్మా. లోపల ఇంత రాయి పెట్టుకుని, నెలరోజుల ట్యూబు మీద ఒక్క గింజ లేకపోవడం జరగదు. ఇది నిన్నో మొన్నో పెట్టింది. మీ నర్సు వారాల తరబడి పట్టించుకోకుండా, మీకు భయమేసేసరికి గబగబా కొత్తది తగిలించింది. మిమ్మల్ని మోసం చేసింది."

 అతను నా మౌనాన్ని దిగ్భ్రమ అనుకుని మంచినీళ్లు తెప్పించాడు. తాగాను.

ఆపరేషనుకు తీసుకువెళ్లే ముందు ఆయన దగ్గర నిలబడ్డాను. మాట ముద్దగా ఉంది కానీ తెలివి ఉంది. వంగమని కళ్లతో సైగ చేశారు.

"మేస్త్రీ పేరు ఎక్కడా రాకూడదు."

"ఇప్పుడెందుకండీ అవన్నీ."

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడోయ్. మాటివ్వు."

ఇచ్చాను.

ఏప్రిల్ 3

ఆయన పోయారు.

ఏప్రిల్ 6

మా అమ్మాయి, అల్లుడు వచ్చి ఉన్నారు. ఇంటి నిండా మనుషులు, చెప్పులు. ఎవరో ఆయన మంచం తీసి గోడకు నిలబెట్టారు. నన్ను అడగలేదు. మనవరాలు గదిలోంచి రావడం లేదు. అందరూ తాతయ్య మీద బెంగ అంటున్నారు. మా అమ్మాయి నర్సును ఎంత మాట అనాలో అంతా అంటోంది. అది అంటున్నంతసేపూ నేను సామాను సర్దాను.

ఏప్రిల్ 9

మా అమ్మాయి వాళ్లు సెలవు అయిపోయి వెళ్లారు. ఇంట్లో నేనూ మనవరాలూ.

మధ్యాహ్నం భోజనం దగ్గర అది నోరు విప్పింది. ముందు ఏడ్చింది. ఏడుపు మధ్యలో, ఆ ట్యూబు పడేశారా, ఉంచారా అని అడిగింది. విచారణ కోసం ఆసుపత్రిలో ఉంచారన్నాను.

"దాని మీద ఏమీ పట్టలేదు కదా అమ్మమ్మా?"

"లేదు."

"అయితే పొర పనిచేసింది. తాతయ్యకు వచ్చింది వేరే." దాని ముఖంలో ఏడుపు అలాగే ఉంది, దాని కింద వేరొకటి ఉంది. గైడుకు ఫోటోలు నచ్చాయట. ప్రయోగశాలలో చేసిన కృత్రిమ మూత్రాశయంలో తేలిన ఫలితమని ఇది గైడుతో చెప్పింది. గైడు దాన్నిబట్టి కమిటీకి రాశారు. ఆసుపత్రి వార్డులో ఎనిమిది మందికి పెట్టి చూడటానికి తొందరగానే అనుమతి వచ్చేలా ఉందట. గడువు కూడా పొడిగిస్తారట.

కాగితం, పెన్సిలు తెచ్చి దాని ముందు పెట్టాను. నీ గాజు పాత్ర బొమ్మ వెయ్యి అన్నాను. వేసింది. నీరు బయటికి పోయే దారి గుర్తు పెట్టమన్నాను. పాత్ర అడుగున, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టింది.

"ఇప్పుడు పడుకుని ఉన్న మనిషి మూత్రాశయం వెయ్యి. పక్కవాటుగా. ట్యూబు కొన ఎక్కడుంటుందో చూపించు."

వేసింది. ట్యూబు కొన దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు ఆగింది. పడుకున్న మనిషిలో ఆ కొన అడుగుకు ఆనదు, పైన తేలుతుంది. దాని కింద వెనక్కి గిన్నెలా లోతు ఉంటుంది. పాత ట్యూబైతే ఖనిజం దాని గోడకే పట్టి, మూసుకుని, పది రోజులకే మమ్మల్ని ఆసుపత్రికి పరుగెత్తించేది. కొత్తదాని మీద పట్టు దొరకక అదంతా ఆ గిన్నెలోకి దిగింది. మొదట్లో పైపైన తేలిన కాస్తే సంచిలోకి వచ్చింది. దాన్ని చూసి మేమిద్దరం సంతోషించాం. ఇద్దరికీ చదువు ఉంది, ఇద్దరం ట్యూబును చూశాం.

అది చాలాసేపు ఆ బొమ్మ కేసి చూసింది. తరువాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

"నువ్వు ఎవరికీ చెప్పవుగా? తాతయ్య కూడా వద్దన్నారు."

"ఆ ఎనిమిది మంది సంగతి?"

"ఏదో ఒక లోపం ఉందని చెప్పి నేనే ఆపేయిస్తాను. మెల్లగా. తాతయ్య పేరు లేకుండా. నాకు కొంచెం టైమివ్వు."

సరే, ఆలోచిద్దాం అన్నాను. తిను ముందు అన్నాను. తినలేదు.

ఏప్రిల్ 10

ఆలోచించాను. అది ఆపేయిస్తానంది కదా. అది చిన్నప్పటి నుంచీ మాట మీద నిలబడే పిల్ల. నర్సుకైతే వేరే చోట పని దొరుకుతుంది. ఆమెకు అనుభవం ఉంది. ఆయనకు మాటిచ్చాను. పోయిన మనిషికి ఇచ్చిన మాట.

పైన రాసిన వాక్యాలు ఒక్కొక్కటీ విడివిడిగా సరిగ్గానే ఉన్నాయి.

ఏప్రిల్ 11

నర్సు వచ్చింది. యూనిఫాం లేకుండా చూడటం ఇదే మొదటిసారి, గుమ్మంలో ఒక్క క్షణం పోల్చుకోలేదు. లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి, గోడకు నిలబెట్టిన మంచం వైపు చూసి, కుర్చీ అంచున కూర్చుంది. ఆయన గురించి రెండు మాటలు చెప్పింది. తనను సూపరింటెండెంటు అన్నది లోకంలో ఆయనొక్కరేనంది.

ఇళ్లకు నర్సులను పంపే ఏజెన్సీ వాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. సోమవారం ఆసుపత్రిలో విచారణ. అక్కడ తప్పు తేలితే నర్సుగా రిజిస్ట్రేషనే రద్దవుతుందట. ఇక వేరే చోటు అన్న మాటే లేదు.

నన్ను నిష్ఠూరమాడుతుందనుకున్నాను. మా అమ్మాయి ఏజెన్సీకి ఫోను చేసి అన్న మాటలన్నీ ఆమెకు చేరాయి మరి. అలాంటిదేమీ అనలేదు. నాలుగో తారీకున తాను ట్యూబు మార్చినట్టు చెప్పగలరా అని అడిగింది. చార్టులో ఉంది కదా అన్నాను. చార్టు చూపిస్తే, సంతకం తరువాత చేసి ఉంటావని వాళ్లు అన్నారట. దాని తరువాత ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నేను మార్చాను కదా మేడమ్? మీరు పక్కనే ఉన్నారు కదా? వాళ్లు అడిగి అడిగి, ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. రెండు డ్యూటీలు చేసి వచ్చాను ఆ రోజు. నిద్రతో తూలుతూ పాతదే ఉంచేసి, మార్చాననుకున్నానేమో. ఆ చెయ్యి నాదేనా కాదా అని తెలియడం లేదు. తాతగారిని నేనే చంపానేమో మేడమ్."

కాదు అన్నాను. నువ్వు మార్చావు, నేను చూశాను అన్నాను.

"అయితే అదెలా అంత శుభ్రంగా ఉంది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు ఉంది. సమీకరణాలతో సహా ఉంది. టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లాను. నీళ్లు మరిగి సగమయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. టీ ఇస్తే తాగి, కప్పు తనే కడిగి బోర్లించి వెళ్లింది.

ఏప్రిల్ 12, శనివారం

సగం చెప్పే దారి ఏదైనా ఉందా అని పొద్దుటి నుంచి వెతికాను. నర్సు మార్చిందని మాత్రం చెప్పి ఊరుకోవచ్చు. అప్పుడు ఆ ట్యూబు ఎందుకు శుభ్రంగా ఉందని సర్జను అడుగుతాడు. తెలియదంటే, భర్త పోయిన ముసలావిడ, మతి సరిగా లేదు పాపం అనుకుంటాడు. నర్సు మునిగిపోతుంది. తెలుసునంటే మొత్తం చెప్పాలి.

ఒక మనిషికి తన చేతుల మీద తనకే నమ్మకం పోయేలా చేశాను. ఆయన మాట తీసుకున్నప్పుడు ఇది ఆయనకు తెలియదు. తెలిస్తే అడిగేవారు కాదు అని రాయబోయాను. ఆ సంగతి నాకు తెలియదు. మేస్త్రీ కోసం అడిగి ఉండేవారేమో కూడా. అడిగినా ఇవ్వకూడని మాట అది.

సోమవారం లోపల జరగవలసినవి:

1. రేపు పొద్దున్న మనవరాలికి ముందు కడుపు నిండా తినిపించాలి. ఆ తరువాతే చెప్పాలి. చెప్పాక అది తినదు.

2. మా అమ్మాయికి ఫోను నేనే చేయాలి. తండ్రి ఎలా పోయారో, కూతురికి ఏం కాబోతోందో ఒకే ఫోనులో చెప్పాలి. మధ్యలో ఏడిస్తే ఆగాలి, ఫోను మాత్రం పెట్టేయకూడదు.

3. విచారణ దాకా ఆగకుండా రేపే నర్సు ఇంటికి వెళ్లాలి. ట్యూబు ఎందుకు శుభ్రంగా ఉందో చెప్పాలి. క్షమించమని అడగకూడదు, అడిగితే అదొక బరువు ఆమె మీద.

4. అల్మారాలో మిగిలిన మూడు ట్యూబులు సీలు విప్పకుండా సర్జనుకు ఇవ్వాలి. మనవరాలు వేసిన బొమ్మ కూడా.

5. గైడు దగ్గరికి మనవరాలే వెళ్లి, ఆ ఎనిమిది మందికి పెట్టకుండా ఆపాలి. తన నోటితో చెబితే దానికి ఎంతో కొంత మిగులుతుంది. సోమవారం పొద్దున్న వెళ్లకపోతే నేను వెళ్తాను.

6. విచారణలో అందరికంటే ముందు నేను మాట్లాడాలి. ట్యూబు పెట్టింది నర్సు. అది ఏమిటో దాచి ఇచ్చింది నేను. మారుస్తానంటే వద్దన్నది నేను. ఈ మూడూ ఈ వరుసలోనే. వయసు గురించి, దుఃఖం గురించి ఒక్క మాట రాకూడదు.

7. మనవరాలు ఇల్లు వదిలి వెళ్తానంటే అడ్డుపడకూడదు. దాని గదిలో ఏదీ కదపకూడదు, తలుపుకు తాళం వేయకూడదు.